బోర్డు మీద లేని దారి

గీతలమ్మ ఎడమ చెవి పోగొట్టింది సొంత అక్క మొగుడే. రేవులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు, పైకి అనేవాళ్లూ లేరు. అనాలంటే ముందు ఆమె నోటికి భయపడాలి, తర్వాత అతని చేతికి భయపడాలి.

అప్పటికింకా ఆమెకు గీతలమ్మ అన్న పేరు రాలేదు. సముద్ర పరిశోధన కేంద్రంలో నీళ్లలోకి దిగే డైవర్లలో ఆమె ఒకతె. వీపున గాలి సిలిండరు కట్టుకుని అడుగుకు దిగడం, రాళ్ల మీద పెరిగే పగడాలను కొలవడం, కావలసిన ముక్క గీకి సంచిలో వేసుకుని పైకి రావడం ఆమె ఉద్యోగం. ఒకరోజు అలా రాతిని పట్టుకుని పని చేసుకుంటూ ఉండగా బావ పడవ మీంచి బాంబు పడింది. చేపల గుంపు కనబడితే మందు కూరిన సీసా వెలిగించి విసరడం, చచ్చి తేలినవాటిని వలతో దేవుకోవడం బావ బతుకుతెరువు. నీటిలో ఆ దెబ్బ చెవికి మాత్రమే వినిపించి ఊరుకోదు. ఎముకలను పట్టుకుని కుదుపుతుంది, ఊపిరితిత్తులను పిండుతుంది. ఆమె పైకి తేలేసరికి కళ్లకు పెట్టుకున్న అద్దంలో సగం దాకా నెత్తురు నిండి ఉంది.

ఆసుపత్రి నుంచి ఆమె తన ఇంటికి పోలేదు. తలకు కట్టుతోనే తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది. బావ కంచం ముందు కూర్చుని ఉన్నాడు. ఆ కంచాన్ని ఒక్క తన్ను తన్ని, మనిషిని చెంప మీద ఈడ్చి కొట్టింది.

"నేను కింద ఉన్నానని తెలిసే వేశావా?"

"తెలిస్తే వేస్తానా? నీళ్ల కింద నువ్వెక్కడ పాకుతున్నావో నాకేం కనబడుతుందే?" అన్నాడు బావ చెంప పట్టుకుని.

"కనబడేలా చేస్తాను. రోజూ పొద్దున్నే ఎక్కడ దిగుతున్నామో రేవులో బొమ్మ వేసి పెడతాను. అది చూసి కూడా వేశావంటే నీ రెండు చేతులూ నేనే నరుకుతాను."

ఆ మాటకు బావ తిరిగి చెయ్యెత్తలేదు. ఎత్తింది అక్క. "నా ఇంటికొచ్చి నా మొగుణ్ణి కొడతావా?" అంటూ చెల్లెలి భుజం పట్టి గుమ్మం బయటికి నెట్టి తలుపేసింది. అక్కాచెల్లెళ్ల మధ్య మాటలు దాదాపుగా అక్కడితో ఆగిపోయాయి.

పోలీసులకు చెప్పలేదా అని అడగవచ్చు. చెప్పింది. సాక్ష్యం తెమ్మన్నారు. పగిలిన సీసా సముద్రంలో ఉంది, చచ్చిన చేపలు అప్పటికే అమ్ముడుపోయాయి, మిగిలింది ఆమె చెవి ఒక్కటే. చెవిలో ఎవరు విసిరారో రాసి ఉండదు కదా.

ఇక నీళ్లలోకి దిగకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. కేంద్రం పెద్దసారు మంచివాడు, ఆమెను ఇంటికి పంపకుండా ఒక గది, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు ఇచ్చాడు. మొదట్లో ఆమెకు అది జైలే. కోపం ఆపుకోలేక ఒక కీబోర్డును గోడకేసి పగలగొట్టింది కూడా. ఆ తర్వాత, ఊరికే కూర్చోవడం చేతకాక, నీటి అడుగున దారులు వేయడం నేర్చుకుంది.

అంతకు ముందు డైవర్లకు దారి అంటూ ఉండేది కాదు. దిగినవాడికి ఏ రాయి ముందు కనిపిస్తే అటు పోయేవాడు. లోతుకు పోయి, పైకి వచ్చి, మరిచిపోయింది గుర్తొచ్చి మళ్లీ లోతుకు పోయేవాడు. ప్రవాహానికి ఎదురీది ఉన్న గాలంతా తాగేసి, పని సగంలో వదిలేసి, కళ్లు తేలేసి పడవ ఎక్కేవాడు. ఆమె సముద్రపు అడుగు పటాన్ని కంప్యూటరులోకి ఎక్కించింది. పని ఉన్న చోట్లు, వాటి లోతులు, ఏ వేళకు నీరు ఎటు లాగుతుందో, ఏ డైవరు ఎంత గాలి పీలుస్తాడో అన్నీ దానికి చెప్పింది. అది ముందు లోతైన చోటు, తర్వాత మెరక, నీటివాలుకు ఈత, నెమ్మదిగా పైకి రావడం, ఇలా ఒక గీత గీసి ఇచ్చేది. దిగిన చోటే తేలాలని లేదు, పడవే చివరి చోటికి వెళ్లి ఎక్కించుకునేది.

"నీళ్లలో దారేంటమ్మా, మధ్యలో బస్సు స్టాపులు కూడా పెడతావా?" అని పడవ నడిపే సరంగు మొదట్లో పడీపడీ నవ్వాడు.

"పెడతాను. నిన్ను ఏ స్టాపులో తోసేయాలో కూడా కంప్యూటరే చెబుతుంది" అంది ఆమె.

నవ్వినవాళ్లే నెల తిరిగేసరికి గీత లేకుండా దిగనని మొండికేశారు. పని తొందరగా అయ్యేది, సిలిండరులో గాలి మిగిలేది, ఎవరికీ ముక్కులోంచి నెత్తురు కారేది కాదు. అలా ఆమె గీతలమ్మ అయింది.

అన్నట్టుగానే ఆమె రోజూ పొద్దున్నే ఆ రోజు గీతను ఎర్రరంగులో అచ్చు తీసి రేవులోని బోర్డుకు అంటించేది. పడవల పంకాలు డైవర్లకు తగలకుండా ఈ జాగ్రత్త అని అందరూ అనుకున్నారు. అసలు సంగతి ఆ రోజు అక్క ఇంట్లో ఉన్న ముగ్గురికే తెలుసు. బావ రోజూ వచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని, పేపరు చదివినంత శ్రద్ధగా ఆ బొమ్మను చదివేవాడు. తర్వాత పడవ తాళ్లు కట్టే ఇనుప దిమ్మె మీద కూర్చుని టీ మీద టీ తాగేవాడు. ఎండ ఎక్కాక ఎప్పటికో లేచి సముద్రం మీదికి పోయేవాడు. "చేపకు కూడా వీడి బద్ధకం తెలుసు, అందుకే తీరిగ్గా వస్తుంది" అని గీతలమ్మ కిటికీలోంచి చూసి తిట్టుకునేది. బాంబుల చప్పుడు వినబడుతూనే ఉండేది, కానీ ఎర్రగీత దగ్గర ఒక్కటీ పడలేదు. ఏళ్లు గడిచాయి. మరదలూ బావా ఒక్క మాట మాట్లాడుకోకుండా ఆ ఒప్పందం నడిపారు.

దాన్ని చెడగొట్టింది ఇద్దరి కోపం. ఒకటి తమ్ముడిది, రెండోది ఆమెది.

తమ్ముడు ముగ్గురు తోబుట్టువుల్లో కడగొట్టువాడు. ఇంట్లో చిన్నోడా అనేవారు, రేవులోనూ అదే పేరు నిలిచింది. అక్కలిద్దరూ ఎత్తుకుని పెంచారు. గీతలమ్మ నీళ్లకు దూరమయ్యాక ఆమె స్థానంలో వాడే డైవరుగా చేరాడు. ముక్కు మీద కోపం, పని మీద ప్రాణం. బాంబులతో బోడిగా మారిన అఖాతం మొగలో, అది సముద్రంలోకి తెరుచుకునే చోట, విరిగిన పగడపు కొమ్మలను ఏరి, ఇనుప చట్రాలకు కట్టి, మళ్లీ పెంచుతున్నాడు. కొమ్మ వేలెడు పెరిగినా వచ్చి గీతలమ్మకు ఫొటో చూపించేవాడు. ఒక ఉదయం దిగి చూస్తే చట్రాలు వంకర్లు తిరిగి ఉన్నాయి, కొమ్మలు పిండి అయిపోయాయి. చుట్టూ పొట్టలు పగిలిన చేపపిల్లలు.

వాడు పడవ దిగి, ఒంటి మీది రబ్బరు సూటు కూడా విప్పకుండా, టీ తాగుతున్న బావ దగ్గరికి నడిచాడు. గ్లాసు లాగి ముఖాన కొట్టాడు. బావ మనుషులు తెడ్లు తీసుకుని మీదపడ్డారు. మోకాళ్ల వెనక కొట్టి కూలదోశారు, కడుపులో తన్నారు. చిన్నోడు నెత్తురు ఉమ్ముతూనే ఒకడి చెయ్యి కొరికి వదల్లేదు. ఆఖరి దెబ్బ బావే వేశాడు. తెడ్డు తిప్పి మూతి మీద కొడితే ముందుపళ్లు ఊడి రాళ్ల మీద పడ్డాయి.

"బావమరిదివని ఇక్కడితో వదులుతున్నాను" అన్నాడు.

గీతలమ్మ పరుగెత్తుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమె తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని బావ వైపు చూసింది. ఆ క్షణంలో ఆమెకు అతన్ని చంపాలనిపించింది. ఇందులో దాపరికం ఏమీ లేదు, చేతిలో కత్తి ఉంటే దింపేసేదే. కత్తి లేదు గనుక కంప్యూటరు దగ్గరికి వెళ్లింది.

తమ్ముడి దెబ్బలు మానేదాకా ఆగింది. ఆ తర్వాత గది తలుపు వేసి, వాడినీ, వాడికి జోడీగా దిగే డైవరునూ కూర్చోబెట్టింది. ఆ జోడీ ఎవరేం చేసినా తప్పులు దిద్దుతుంటాడు, అందుకని వాణ్ణి పంతులు అంటారు.

"సాక్ష్యం కావాలన్నారుగా, ఇద్దాం" అంది. "అఖాతం మొగలో అడుగున కెమెరాలు పెట్టి రండి. పైకి చూస్తూ ఉండేలా పెట్టాలి. బావ పడవ, విసిరే చెయ్యి, పడే సీసా, అన్నీ రావాలి. ఒక్కసారి దొరికితే జైల్లో చిప్ప పట్టుకోవాల్సిందే."

"మనం అక్కడ దిగుతున్నామని బోర్డు మీద చూస్తే ఇంకోచోటికి పోతాడుగా" అన్నాడు పంతులు.

"బోర్డు మీద వేరే గీత పెడతాను. దీపస్తంభం అవతల, ఇంతవరకు మనం ఎప్పుడూ దిగని చోట. వాడు నిశ్చింతగా ఉంటాడు. మీరెక్కడున్నారో నీళ్ల పైన చూపించే తేలే గుర్తు కట్టుకోవద్దు. సరంగు మిమ్మల్ని దింపేసి పెద్దరాయి చాటుకు వెళ్లిపోతాడు. నీటివాలుకు అక్కడికే కొట్టుకొస్తారు."

పంతులు తల అడ్డంగా ఊపాడు. "బోర్డు మీద ఒకటి, నీళ్లలో ఒకటి. ఇది పద్ధతి కాదమ్మా. పెద్దసారుకు తెలిస్తే..."

"తెలిస్తే నేను చెప్పుకుంటాను. నీ పళ్లు ఊడలేదు, నీకేం తెలుసు?"

చిన్నోడికి మాత్రం ఉత్సాహంగానే ఉంది. బోసినోటితో నవ్వాడు. "పెద్దక్కకు ఒక మాట చెబుదామా?" అని అడిగాడు.

"దానికి చెబితే మొగుడికి చెప్పినట్టే. నోరు మూసుకుని పని చూడు" అంది గీతలమ్మ.

ఆమె ఒళ్లు మరిచి పనిచేసింది. కేంద్రం ముందు నీళ్లలో శబ్దాలు పట్టే పెట్టె ఒకటి ఉంది. బాంబు ఎక్కడ పేలినా దాని గుర్తు కంప్యూటరులో పడుతుంది, ఎవరు వేశారో మాత్రం తెలియదు. ఏళ్ల తరబడి పడ్డ గుర్తులన్నీ ముందేసుకుని చూసింది. ఒక్కటి కూడా ఎండ ఎక్కకముందు పడలేదు. చేపల గుంపు ఆ వేళకే మొగలోకి వస్తుందని అనుకుంది. ఆ వేళకు ఎంతో ముందే తమ్ముడు నీళ్లలోంచి బయటపడేలా దారి వేయమని కంప్యూటరుకు చెప్పింది. అది వేసింది. తమ్ముడు కోపంలో ఎక్కువ గాలి తాగుతాడని ఆ అంకె పెంచి చూసింది. ప్రవాహం బలం పెంచి చూసింది. ఒక కెమెరా దగ్గర ఆలస్యమైనట్టు చూసింది. ఎన్ని రకాలుగా బెదిరించినా ఆ దారి చెక్కుచెదరలేదు, ప్రతిసారీ క్షేమమనే చూపించింది. తర్వాత విచారణకు వచ్చినవాళ్లు కూడా దారిలో తప్పు లేదనే అన్నారు.

ఆ ఉదయం ఆమె దొంగగీతను బోర్డుకు అంటిస్తుంటే వెనక బావ వచ్చి నిలబడ్డాడు. బొమ్మను చదివాడు. దీపస్తంభం వైపు ఒకసారి చూసి, మళ్లీ చదివాడు.

"అంత దూరమా ఇవాళ?" అన్నాడు. ఏళ్ల తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

"నీకెందుకు?"

"చిన్నోడికి నొప్పులు తగ్గాయా?"

"నీకెందుకన్నానా?"

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా గదికి నడిచింది. లోపల ఆమెకు సంబరంగా ఉంది, గంతులు వేయాలన్నంత సంబరం. ఇవాళ్టితో వీడి పని అయిపోయినట్టే అనుకుంది. ఆ సంబరంలో కిటికీలోంచి చూడనే లేదు. చూసి ఉంటే ఇనుప దిమ్మె ఖాళీగా కనబడేది.

తమ్ముడూ పంతులూ దిగారని సరంగు ఫోను చేశాడు. ఆమె తెర మీద గీతను చూస్తూ, ఇప్పుడు మొదటి కెమెరా దగ్గర ఉంటారు, ఇప్పుడు రెండోదాని దగ్గర ఉంటారు అని మనసులో వాళ్ల వెంటే ఈదుతోంది. అంతలో శబ్దాల తెర మీద ఒక గుర్తు నిట్టనిలువుగా లేచింది. కిటికీ అద్దం గలగలలాడింది.

పెట్టె పాడైందనుకుంది ముందు. ఇది బాంబు పడే వేళ కాదు. ఈ వేళకు బావ ఇనుప దిమ్మె మీద కూర్చుని టీ తాగుతుంటాడు. డైవర్ల పడవ తిరిగొచ్చి రేవుకు తగిలేదాకా కదలడు.

అప్పుడు తెలిసింది ఆమెకు. ఇన్నేళ్లూ కళ్ల ముందే ఉన్నది అప్పుడు తెలిసింది. బావ ఆగింది చేపల కోసం కాదు. ఎర్రగీత ఎక్కడున్నా, ప్రవాహం మనిషిని ఎటైనా ఈడ్చవచ్చని, నీళ్లలో ఉన్నవాళ్లు గట్టెక్కేదాకా ఆగేవాడు. ఆమె చెవి పోయిన రోజు నుంచీ ఆగుతున్నాడు. ఈ రోజు డైవర్లు దీపస్తంభం అవతల ఉన్నారని ఆమే రాసి పెట్టింది. అంత దూరం దెబ్బ పోదు. ఇక అతను దేనికోసం ఆగాలి?

కుర్చీ తన్నేసి పరుగెత్తింది.

రేవుకు ముందుగా వచ్చింది బావ పడవ. ఇంజను అరుస్తుంటే అడ్డొచ్చిన పడవను గుద్దుకుంటూ వచ్చి రాతికట్టను ఢీకొంది. పడవలో చచ్చిన చేపల మధ్య, ఒళ్లంతా తడిసిన బావ చిన్నోణ్ణి రెండు చేతులతో గుండెకు అదుముకుని కూర్చున్నాడు. తెల్లటి చేపపొట్టల మధ్య నల్లగా ఏదో తేలితే దూకి తెచ్చానని అరుస్తున్నాడు. చిన్నోడి చెవుల్లోంచి, ముక్కులోంచి, నోట్లోంచి నురగ కలిసిన నెత్తురు. కళ్లలో తెలుపు అన్నదే లేదు. గీతలమ్మ వాడి ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి నొక్కింది. నొక్కినప్పుడల్లా నెత్తురే వచ్చింది గాని ఊపిరి రాలేదు. ఆమె ఆపలేదు. ఎవరో వచ్చి ఆమె చేతులు పట్టుకుని విడదీయాల్సి వచ్చింది.

వెనకాలే సరంగు పడవ వచ్చింది. నీటివాలుకు చిన్నోడి కన్నా ముందే కొట్టుకుపోయి పెద్దరాయి చాటున ఉండటంతో పంతులు బతికాడు. పడవ అంచు పట్టుకుని వాంతి చేసుకుంటున్నాడు.

రేవు రేవంతా బావ మీద పడింది. బాంబు వేసి బావమరిదిని చంపాడు, తెడ్డుతో కొట్టినా కక్ష తీరలేదు, కావాలనే చంపాడు. అందరికీ అలాగే అర్థమైంది, అర్థం కావడానికి వేరే దారి కూడా లేదు. జుట్టు పట్టి రాళ్ల మీదికి ఈడ్చారు. పిడికిళ్లతో, కాళ్లతో, తాడుముళ్లతో కొట్టారు. నిన్నటిదాకా అతని ముందు నోరెత్తనివాళ్లే వరసలో నిలబడి మరీ కొట్టారు. ఎద్దులాంటి మనిషి, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పక్కటెముక విరిగిన చప్పుడు గుంపు వెనకున్నవాళ్లకు కూడా వినబడింది.

అక్క ఎటునుంచి వచ్చిందో వచ్చింది. ముందు తమ్ముణ్ణి చూసి కూలిపోయింది. వాడి ముఖం కొంగుతో తుడుస్తూ, తుడిచినచోటే మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది. అవతల మొగుణ్ణి కొడుతుంటే తల తిప్పి చూసింది గాని ఆపమని ఎవరినీ అడగలేదు.

ఎవరో గీతలమ్మ చేతిలో తెడ్డు పెట్టారు. "నువ్వు కొట్టమ్మా. నీ తమ్ముడు. ఆ హక్కు నీది" అని దారి వదిలారు.

బావ మోకాళ్ల మీద ఉన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. ఆమెను చూసి, పగిలిన పెదాలతో, "బోర్డు చూశాను మరదలా. ఒకటికి రెండుసార్లు చూశాను. వాడు అక్కడ లేడు కదా" అన్నాడు.

అది నింద కాదు. అడుగుతున్నాడు, అంతే. నిజంగా తెలియక అడుగుతున్నాడు.

ఆమె తెడ్డు ఎత్తింది. ఒక్క దెబ్బ చాలు, ఆ ప్రశ్న అతనితోనే పోతుంది. పంతులు నోరు విప్పకుండా తను చూసుకోగలదు, సరంగు ఆమె మాట దాటడు. రేవంతా ఆమె చేతికేసి చూస్తోంది. ఆ దెబ్బ వేయాలని ఆమెకు ఎంత ఉందో చెప్పనలవికాదు. తమ్ముడి నెత్తురు చేతులకు ఇంకా వెచ్చగానే ఉంది.

తెడ్డు కింద పడేసింది. "కొట్టకండి" అంది. ఎవరికీ వినబడలేదు. గొంతు చించుకుని అరిచింది. "ఆగండి! బోర్డు తప్పు. నేనే మార్చాను. కావాలని దొంగగీత పెట్టాను. చిన్నోణ్ణి మొగలో దింపింది నేను."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సగంమందికి అర్థం కాలేదు. అక్కకు అయింది. తమ్ముడి తలను మెల్లగా కింద ఆనించి లేచింది. వచ్చి చెల్లెలి జుట్టు పట్టుకుని చెంప మీద కొట్టింది. రెండోదీ కొట్టింది.

"నాకు ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదే? ఆ పూటకు ఆయన్ని గదిలో పెట్టి గొళ్లెం వేసేదాన్ని కదే! వాడు నీకొక్కదానికే తమ్ముడా? నేను ఎత్తుకుని తిరగలేదా వాణ్ణి?"

అక్క కొడుతూనే ఉంది, చేతుల్లో సత్తువ అయిపోయేదాకా కొట్టింది. రేవులో ఒక్కరు కూడా విడదీయడానికి రాలేదు.